ఎండుదొడ్డిలో బట్టమేక

నమోదు 1

ఆరోగ్య శాఖ వారికి. ఆకాశ సెలవులో ఉన్నవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాసి, చివర "ఆకాశం చూశారా? ఏమనిపించింది?" అన్న ప్రశ్నకి జవాబివ్వాలట. చూశామని రాయకపోతే ఆ రోజు సెలవులో చేరదట. అంటే దానికి బదులు ఇంకో రోజు ఉండాలి. ఈ మాట బండి కదిలాక చెప్పారు. ముందే చెప్తే ఎవరూ ఎక్కరని కాబోలు.

సరే, రాస్తున్నాను. నా పేరు మందాకిని. కప్పుపట్నం మూడో వార్డు గాలిగదిలో ఉద్యోగం. వార్డులో ఏ పూట ఏ వాసన వదలాలో నిర్ణయించేది నేనే. పొద్దున కాఫీ, సాయంత్రం మల్లె, పిల్లల పరీక్షలప్పుడు తులసి. పండగ రోజుల్లో నేతి వాసన వదిలితే పక్క వార్డు వాళ్ళు కూడా మా గొట్టాల దగ్గరికొచ్చి నిలబడతారు. అలాంటి ముక్కుని తీసుకొచ్చి ఈ చిత్రావతి అర్ధ ఎడారి జాతీయ వనంలో పడేశారు. ఏడేళ్ళకోసారి కప్పు బయట గడపకపోతే కళ్ళు మసకబారతాయట. ముక్కు సంగతి ఏ వైద్యుడూ ఆలోచించలేదు.

వనం అంటే చెట్లుంటాయనుకున్నాను. ఎర్రమట్టి, రాళ్ళు, మోకాలెత్తు ముళ్ళపొదలు, ఎండి తెల్లబడిన గడ్డి. గాలి వీస్తే ఆ మట్టి నోట్లోకే వస్తుంది. పళ్ళ మధ్య కరకరలాడుతూనే ఉంది.

మా జట్టు తొమ్మిదిమందిమి. బస అంటే రాతిగోడల పొడుగాటి షెడ్డు. నా గదిలో సువర్చల అని ఒకావిడ. బడిలో లెక్కలు చెప్పి మానేసిందట. మనిషి మంచిదే, కానీ వెల్లుల్లి ఆవకాయ జాడీ దిండు పక్కన పెట్టుకొని పడుకుంటుంది. పక్క గదిలో కోటిలింగం గారు. పెళ్ళిళ్ళకి వంటలు చేయించే మనిషి. దిగినప్పటి నుంచి "ఇదేం ఖర్మండీ బాబూ" అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు ఆయన నోట.

వనం అధికారి ఓబులక్క. ఎండకి కాగిన ముఖం, గట్టి గొంతు. మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పింది.

"ఈడ పనోళ్ళు లేరు. వంట మీదే, ఊడ్పు మీదే, దొడ్డి మీదే. మీరు తిన్నది ఈ నేల మీద పండింది. అందుకే మీలోంచి వచ్చింది కూడా ఈ నేలకే పోవాల. పొద్దున్నే బకెట్లు ఎత్తుకపోయి ఎండుదొడ్డిలో పోయండి. బూడిద సల్లి తిరగేయండి. పోయేనాటికి ఎండి పొడి అయితాది. ఆ పొడి మీ చేతుల్తోనే బయట బీడు మీద సల్లి, ఆ పైన బండెక్కండి. కుప్ప ఎత్తనోళ్ళకి బండి రాదు."

కోటిలింగం గారు నా వైపు తిరిగి, "బకెట్లలో ఏముంటదండీ?" అన్నారు.

నేను చెప్పలేదు. రాత్రి భోజనంలో రాగిసంకటీ ఉలవకట్టూ పెట్టినప్పుడు ఆయనకే అర్థమైంది.

ఆకాశం: ఉంది.

నమోదు 2

తొమ్మిదిమంది ఉలవలు తిన్న షెడ్డులో తెల్లవారేసరికి గాలి ఎలా ఉంటుందో నేను రాయను. రాయడానికి మాటలు లేక కాదు, నా వృత్తే ఆ మాటలు. రాస్తే కాగితం కంపు కొడుతుంది.

అందరి దగ్గరా జేబులో గుబాళింపు డబ్బాలున్నాయి. కప్పుపట్నంలో పుట్టినవాళ్ళం, ఏదైనా కంపు కొడితే డబ్బా నొక్కడం మాకు చేతి అలవాటు. ఒకరు గులాబీ, ఒకరు గంధం, ఇంకొకరు ఏదో పచ్చి కర్పూరం. అన్నీ కలిసి ఉలవల మీద పడితే వచ్చిన వాసనకి సువర్చల గారే ముక్కు మూసుకొని బయటికి పరిగెత్తింది.

బయట కృష్ణజింకల మంద పోతుంటే అందరూ గుడ్లప్పగించి చూశారు. నేనూ చూశాను. ఒక పోతుజింక మెలితిరిగిన కొమ్ములూ నల్లటి కోటూ వేసుకొని పెళ్ళికొడుకులా వచ్చింది. వచ్చి ఒకచోట ఆగి, ఠీవిగా పెంటికలు వేసి పోయింది. రోజూ అక్కడే వేస్తుందట. అది దాని సరిహద్దు రాయట. ఓబులక్క ఈ సంగతి అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పింది.

ఆకాశం: నిన్నటిదే.

నమోదు 3

ఇవాళ ఎండుదొడ్డి వంతు నాది.

బస వెనక ముళ్ళకంచె వేసిన పెద్ద ఆవరణ అది. ముక్కుకి మూడు మడతలు గుడ్డ కట్టి, రెండు చేతుల్లో రెండు బకెట్లతో వెళ్ళాను. ఒకటి తొణికి కాలి మీద పడింది. ఆగి ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత గట్టిగా ఏడవలేదేమో. మూత తీసిన బకెట్ మీద ఈగలు, కుప్ప మీద పేడపురుగులు, మట్టిలో తెల్లగా కదిలేవి ఇంకేవో. పొద్దున తిన్నది కూడా అక్కడే సమర్పించాను. బకెట్టు మోసే శ్రమ కొంత తగ్గిందనుకోవాలి.

పార తీసుకొని పాత కుప్ప తిరగేద్దామని మూలకి వెళ్తే, మూలలో ఎవరో నన్ను చూస్తున్నారు.

పిట్ట. పిట్ట అని రాస్తే చిన్నదనుకుంటారు. కూర్చున్నా నా నడుము దాకా ఉంది. గోధుమరంగు వీపు, పొడవాటి తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. మా కుప్ప అంచున, ఎండిన పెంట మధ్యలో, రాజ్యం ఏలుతున్నట్టు కూర్చుంది. నేను ఒక అడుగు వేశాను. మెడ ఈకలు ఉబ్బించి నా వైపు ఒకసారి గుర్రుమంది కానీ లేవలేదు. ఒక్క క్షణం పక్కకి జరిగినప్పుడు దాని కింద కనిపించింది, ఆలివ్ రంగు మీద గోధుమ మరకలున్న గుడ్డు. ఒక్కటే.

నాకు కలిగిన మొదటి ఆలోచన నిజాయితీగా రాస్తున్నాను. హమ్మయ్య, ఇవాళ తిరగేయక్కర్లేదు. బకెట్లు ఇటు చివర ఒంపేసి, బూడిద కూడా చల్లకుండా వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరో ఒకరు ఆ పిట్టని లేపుతారు, మళ్ళీ పార నా చేతికే వస్తుంది.

ఇంత పెద్ద బయలు ఉండగా మా పెంటలో గుడ్డు పెట్టడం ఏమిటో. పిట్టల్లోనూ బుద్ధి లేనివి ఉంటాయి.

ఆకాశం: ముక్కు గుడ్డ కళ్ళ దాకా వచ్చింది, అందులోంచి కొంచెం కనిపించింది.

నమోదు 5

నిన్న సువర్చల గారి వంతు. ఆవిడా తిరగేయకుండా వచ్చింది. మంచం మీద కూర్చొని చాలాసేపు ఆవకాయ జాడీ మూత తిప్పుతూ ఉండి, "మందాకిని గారూ, మీరు కూడా చూశారు కదూ" అంది.

"ఏది?"

"నా దగ్గర దాచకండి. ముప్ఫై ఏళ్ళు పిల్లల ముఖాలు చూసినదాన్ని."

ఇద్దరం కలిసి వెళ్ళాం. పిట్ట మేతకి పోయినట్టుంది, గుడ్డు ఒక్కటే ఉంది. చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. రెండు రోజులుగా బూడిద పడక పెంట ఎండలో ఉడికి పొగ వస్తోంది. ఆ కంపులో ఆ నున్నటి గుడ్డుని చూస్తే నిజంగా జాలేసింది. పాపం, తల్లి పగలంతా ఇందులో ఎలా కూర్చుంటోందో అనిపించింది.

నా దగ్గర ఒక మంచి డబ్బా ఉంది. మూడో వార్డు సాయంత్రం మల్లె, నేను స్వయంగా కూర్చినది. సెలవు ముగిసి బండెక్కేటప్పుడు వాడుకుందామని దాచుకున్నాను. తీసి గుడ్డు చుట్టూ, కుప్ప అంచంతా, కంచె దాకా పట్టించాను. ఈగలు లేచిపోయాయి. పేడపురుగులు కాళ్ళు ముడుచుకున్నాయి. "ఎంత బాగుందమ్మా" అంది సువర్చల గారు కళ్ళు మూసుకొని.

పిట్ట తిరిగొచ్చింది. కుప్ప చుట్టూ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. చాలాసేపటికి కానీ కూర్చోలేదు. నా మల్లెకి మురిసిపోయిందనే అనుకున్నాను నేను.

ఆకాశం: సాయంత్రం మల్లెకి తగ్గట్టే ఉంది.

నమోదు 6

పొద్దున్నే కోటిలింగం గారి కేక. ఆయన వంతు ఇవాళ. బకెట్లు వదిలేసి, పంచె ఎత్తిపట్టుకొని షెడ్డులోకి వచ్చి పడ్డారు.

"ఎవరో తెల్లమెడ మనిషి కూర్చునున్నాడండీ అక్కడ!"

ఇక దాచేదేముంది. అందరం వెళ్ళాం. ఓబులక్క కూడా వచ్చింది. పిట్టని చూసి ఆవిడ గొంతు తగ్గించింది, అలా వినడం ఇదే మొదటిసారి.

"బట్టమేక" అంది. "బట్టమేక పిట్ట. ఈ వనంలో గుడ్డు పెట్టి ఎన్నేండ్లయిందో. కంకరలో పెడ్తాది, బీట్లో పెడ్తాది. పెట్టినవన్నీ నక్కలే తినె. ఇది ఈడికి యాల వచ్చిందో నాకూ తెల్దు."

అప్పుడు కంచె దగ్గర చూపించింది. మెత్తటి మట్టిలో అడుగులు. నక్క వచ్చి కంచె బయట తిరిగింది, ఒకచోట తవ్వడం మొదలుపెట్టి ఆపేసింది. సరిగ్గా నేను మల్లె పట్టించిన చోట.

"ఇన్నాళ్ళూ ఇటు దిక్కుకి రాని నక్క, రాత్రి యాల వచ్చింది?" అంది ఓబులక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకొచ్చిందో అక్కడున్న వాళ్ళందరిలో నాకే తెలియాలి. గాలిగదిలో చేరిన కొత్తలో మాకు నేర్పే మొదటి పాఠం అది. ఒక వాసనని కనపడకుండా చెయ్యాలంటే దాన్ని తుడవక్కర్లేదు, దాని మీద ఇంకోటి కప్పితే చాలు. వార్డులో ఎవరింట్లో చేపలు కుళ్ళినా పక్కింటికి తెలియకుండా నేను చేసేది అదే. ఈ పిట్టకి బుద్ధి లేదని రాశాను కదా మొన్న. దానికి నాకన్నా ఎక్కువే ఉంది. మా కంపు కప్పుకొని కూర్చుంటే నక్క ముక్కుకి గుడ్డు అందదు. నేను వెళ్ళి ఆ దుప్పటి లాగేశాను. లాగేసి, పైన దారి చూపించడానికి మల్లెపూలు కూడా చల్లాను.

అందరి ముందూ చెప్పాను. ఓబులక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

ఆకాశం: పైకి చూడబుద్ధి కాలేదు. అయినా చూశాను.

నమోదు 7

వనంలో ఒక నియమం ఉందట. బస కంచె లోపల ఏ పిట్ట గుడ్డు పెట్టినా గుడ్లబండికి కబురు పెట్టాలి. మనిషి విడిచినదాని మీద బతకడం వాటికి అలవాటు కాకూడదని. గుడ్లబండి వచ్చి గుడ్డుని కప్పుపట్నం పిట్టలశాలకి పట్టుకెళ్తుంది. అక్కడ పెట్టెలో పొదిగిస్తారు.

"అదే మంచిదండీ" అన్నారు కోటిలింగం గారు. "భద్రంగా ఉంటది. నక్కలుండవు, కంపుండదు. మనం కుప్ప ఎత్తేసి, గడువు కాగానే బండెక్కేద్దాం."

అందరూ తలలూపారు. నేను ఊపలేకపోయాను.

పిట్టలశాల మా వార్డులోదే. పొద్దున్నే దానికి గడ్డి వాసన వదిలేది నేనే. పెట్టెల్లో పుట్టిన పిట్టలన్నీ ఆ వేళకి గొట్టం ఎదురుగా వచ్చి, మెడలు చాపి నిలబడతాయి. గడ్డి ఉండదు. ఉత్త వాసన. ఎంతసేపు వదిలితే అంతసేపు నిలబడతాయి, గొట్టం మూసేశాక కూడా ఇంకాసేపు అలాగే ఉంటాయి. నా పనితనం చూడండి, పిట్టల్ని కూడా నమ్మించానని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ఇవాళ ఆ మాట నోటి దాకా వచ్చి అసహ్యం వేసింది. ఉలవల మీద వేసినదానికన్నా ఎక్కువ.

ఇదంతా చెప్పి, "ఇంకో దారి లేదా?" అని ఓబులక్కని అడిగాను.

"ఒకటుండాది. కుప్ప ఎవరిదో ఆ జట్టుదే. జట్టు ఎత్తేదాకా అది మీ సొత్తు. మీ సొత్తులో నేను చెయ్యి పెట్టను, గుడ్లబండిని కూడా పెట్టనియ్యను. కానీ కుప్ప ఎత్తకపోతే మీకు బండి రాదు. పిల్ల బయటికి వచ్చేదాకా, మీ గడువు దాటి ఇంకా చానా దినాలు ఈడనే ఉండాల. మల్లా అందురూ ఒప్పుకోవాల. ఒక్కరు కాదన్నా గుడ్లబండిని పిలుస్తా."

ఎండుదొడ్డి తిరగేయకూడదు, బూడిద చల్లకూడదు, ఈ కంపులో ఇంకా చాలా రోజులు. వింటున్న వాళ్ళ ముఖాలు చూస్తే నాకే నవ్వొచ్చింది. సువర్చల గారు మొదట చెయ్యెత్తింది. తర్వాత ఒక్కొక్కరూ. ఎత్తుతూనే తిట్టారు, నన్నూ, పిట్టనీ, ఆరోగ్య శాఖ వారినీ. మీ గురించి ఏమన్నారో రాయను.

కోటిలింగం గారు ఎత్తలేదు.

"మనవరాలి అన్నప్రాసనండీ. ఒక్కతే మనవరాలు. ఊరందరి పిల్లల ముద్దలకీ నేనే పాయసం కాశాను, నా మనవరాలి నోట్లో పెట్టొద్దా? అయినా మీరు చేసిన తప్పుకి మమ్మల్ని కూర్చోబెడతారేంటండీ ఇక్కడ?"

ఓబులక్క రేపు మధ్యాహ్నం దాకా గడువు ఇచ్చింది ఆయనకి.

ఆకాశం: ఎక్కువైంది. ఇంత అక్కర్లేదు.

నమోదు 8

మధ్యాహ్నం అన్నాల వేళ కోటిలింగం గారు కనిపించలేదు. వెతుకుతూ వెళ్తే ఎండుదొడ్డి గుమ్మం దగ్గర, కండువా నెత్తిన వేసుకొని నిలబడి ఉన్నారు. ఎండ ఎలా ఉందంటే చెప్పు లేని కాలు కింద పెడితే బొబ్బలెక్కుతుంది. కంపు సంగతి సరేసరి. నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి.

పిట్ట లేచి నిలబడి ఉంది. మేతకి పోలేదు. గుడ్డు మీద నీడ పడేలా రెక్కలు కొంచెం విప్పి, నోరు తెరుచుకొని ఆయాసపడుతూ ఎండకి వీపు పెట్టింది. ఎండ జరిగితే అదీ జరుగుతోంది.

"పొద్దుట్నుంచీ ఇలాగే నిలబడిందండీ" అన్నారాయన. "నీళ్ళు లేవు, తిండి లేదు. నేను రెండుసార్లు పోయి మజ్జిగ తాగొచ్చాను. అది అడుగు తియ్యలేదు."

"అన్నప్రాసన నేను లేకపోయినా అవుద్ది లెండి" అని కండువాతో ముఖం తుడుచుకున్నారు. "కోడలికి పాయసం కొలతలు తెలుసు. యాలకులు ఎక్కువేస్తది, ఏం చేస్తాం."

షెడ్డులోకి వచ్చి చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి దించకుండానే, "ఆ నక్క మళ్ళీ వస్తే ఏంటండీ మరి?" అని నన్నే అడిగారు.

అది నాకూ తెలుసు. నా మల్లె ఇంకా పోలేదు. మామూలు సరుకైతే ఎండకి ఎగిరిపోయేది. నేను కూర్చిందాన్ని, నెల నిలవాలని కూర్చాను.

ఆకాశం: నీడ లేదు.

నమోదు 9

ఇవాళ నా జీవితంలో మొదటిసారి ఒక కంపు కూర్చాను.

గాలిగదిలో ఏ పరిమళానికైనా మూడు అంతస్తులు. ముందు ముక్కుకి తగిలేది, తర్వాత నిలిచేది, అడుగున పట్టుకొని ఉండేది. కంపుకీ అంతే. అడుగున బకెట్లలో రెండు రోజులుగా ఎండలో నిలిచిన మూత్రం. మధ్యలో పుల్లబడి బూజు పట్టిన ఉలవకట్టూ విరిగిన మజ్జిగా. పైకి కోటిలింగం గారి మేజోళ్ళు ఉతికిన నీళ్ళు. ఆ మేజోళ్ళు దిగినప్పటి నుంచి ఆయన విప్పలేదని ఇవాళే తెలిసింది. ఇంత పెద్ద నిధి పక్క గదిలో పెట్టుకొని వెతుక్కున్నాం.

అయినా మల్లె పైకి తేలుతోంది. ఏదో తక్కువైంది. సువర్చల గారు కాసేపు చూసి, గదిలోకి వెళ్ళి ఆవకాయ జాడీ పట్టుకొచ్చింది. అడుగున నూనె, వెల్లుల్లి రెబ్బలు.

"మా అక్క పెట్టింది" అంది. "ఇది అయిపోతే మళ్ళీ పెట్టేవాళ్ళు లేరు."

"వద్దులెండి" అన్నాను.

"మూత తీశాను కదా" అని మొత్తం ఒంపేసింది.

కుండలో కర్ర పెట్టి కలిపాను. కలుపుతూ రెండుసార్లు వాంతి చేసుకున్నాను. మూడోసారి పక్కకి తిరిగే ఓపిక లేక కుండలోకే పోయింది. మంచిదే, కలిసింది. మిగతావాళ్ళు దూరంగా నిలబడి, డబ్బాలన్నీ నా ముందు కుప్ప పోసి, ఇక నొక్కమని ఒట్టు పెట్టుకున్నారు. వాటిని ఓబులక్క తాళం వేసి దాచింది.

తర్వాత కంచె పొడుగునా, నక్క తవ్విన చోటా, మల్లె పడిన ప్రతి అంగుళం మీదా చిలకరించాను. పిట్ట చూస్తూనే ఉంది. ఈసారి లేవలేదు. అయ్యాక ముక్కు గుడ్డ విప్పి గట్టిగా పీల్చి చూశాను. తప్పదు, పని సరిగా అయిందో లేదో చూడాలి కదా. మల్లె పోయింది. చచ్చిన ఎలుక కూడా పక్కకి తప్పుకొని పోయే కంపు. ఇంత కుదిరిన సరుకు నా చేతిలోంచి ఇదివరకు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ నిజం.

ఆకాశం: కుండలోకి వంగినవాళ్ళకి ఆకాశం కనపడదు. లేచాక చూశాను.

నమోదు 10

సాయంత్రం నక్క వచ్చింది.

ఇంకా వెలుతురుంది. మేం గోడ చాటు నుంచి చూస్తున్నాం. నా చేతిలో రెండు పళ్ళేలు. దగ్గరికొస్తే మోగిద్దామని. ఓబులక్క పళ్ళేలు రెండూ లాక్కొని, "మోగిస్తే ముందు లేసేది తల్లే. అది లేస్తే గుడ్డు యాడుందో నక్కకి మీరే సూపిచ్చినట్టయితాది" అంది గుసగుసగా.

నక్క కంచె వెంట వచ్చింది. మొన్న తవ్విన చోట ఆగి, ముక్కు నేలకి ఆనించింది. ఒక తుమ్ము తుమ్మింది. ముందుకాళ్ళతో ముక్కు రుద్దుకుంది. పోతుందనుకున్నాను. పోలేదు. కంచెలో సందు వెతుక్కొని లోపలికి దూరింది.

సువర్చల గారి గోళ్ళు నా చేతిలో దిగాయి. కోటిలింగం గారి పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నారో. నక్క కుప్ప పక్క నుంచి వస్తోంది. పిట్ట మెడ నేలకి చాపి పడుకుంది, ఎండిన పెంట ముద్దకీ దానికీ తేడా తెలియడం లేదు. నక్క ఆగింది. పిట్ట తోక నుంచి నక్క ముక్కుకి మనిషి పొడుగంత దూరం కూడా లేదు. గాలి పిట్ట వైపు నుంచి నక్క వైపే వీస్తోంది. పిట్ట వాసన తిన్నగా దాని ముక్కు మీదికే పోవాలి. నక్క ముక్కు ఎత్తింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. నేను ఊపిరి పీల్చలేదు. ముక్కు మూసుకొని కాదు, మర్చిపోయి.

మళ్ళీ తుమ్మింది. తల విదిలించుకొని, మా వైపు చీదరగా ఒకసారి చూసి, వచ్చిన దారినే పోయింది.

కోటిలింగం గారు తన కాళ్ళకేసి చూసుకున్నారు. "నా మేజోళ్ళండీ" అన్నారు. ఎవరూ కాదనలేదు.

ఆకాశం: ఎర్రగా ఉంది.

నమోదు 19

కొన్నాళ్ళుగా జవాబు తప్ప ఏమీ రాయలేదు. రాయడానికేముంది, అదే ఉలవలు, అదే సంకటి, అదే కంపు. మా గడువు దాటిపోయింది. రావాల్సిన బండి మా కోసం రాలేదు. పక్క బసలో దిగిన కొత్త జట్టు మాకు ఎదురుపడితే గాలివాటం చూసుకొని నడుస్తోంది. మా బట్టలకి పట్టింది, జుట్టుకి పట్టింది, తాగే నీళ్ళకి పట్టిందనిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే ముఖానికి కూడా పట్టినట్టుంది.

రోజు మార్చి రోజు కుండ కలపాలి. మేజోళ్ళ నీళ్ళు పలచబడుతున్నాయని కోటిలింగం గారు పగలంతా రాళ్ళల్లో తిరిగి చెమట పట్టిస్తున్నారు. ఇవాళ వాళ్ళింట్లో అన్నప్రాసన. ఆయన పొద్దున్నే స్నానం చెయ్యబోయి, చేస్తే కంపు పోతుందని మానుకున్నారు. అన్నం ముందు చాలాసేపు కూర్చొని, తినకుండా లేచారు. ఆయన కంచం మీద మూత పెట్టాను.

అసహ్యం తగ్గిందా అని మీరు అడగొచ్చు. తగ్గలేదు. ప్రతి పొద్దునా మొదటి రోజులాగే ఉంది.

ఆకాశం: ఉంది. ఇంకెక్కడికి పోతుంది.

నమోదు 24

నిన్న సాయంత్రం నుంచి పిట్ట మాటిమాటికీ లేచి కిందికి వంగి చూస్తోంది. ఇవాళ తెల్లవారగానే అందరం గోడ దగ్గర చేరాం. వంట ఎవరూ చెయ్యలేదు. ఓబులక్క కూడా తిట్టలేదు.

ఎండ కాస్త పైకి వచ్చాక తల్లి లేచి పక్కకి జరిగింది. గుడ్డు రెండు చిప్పలై ఉంది. దాని పక్కన ఇసుక రంగు మీద నల్లచారలతో, తడిసిన చింపిరి గుడ్డలా ఏదో ఉంది. అంత వికారమైనది నేను పుట్టి చూడలేదు. తల తన బరువు తనే మొయ్యలేకపోతోంది. ఎండకి ఆరే దాకా అలాగే పడుంది. ఆరాక లేచింది. పడింది. లేచింది. పొడుగు కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక, మేం మొదటి రోజుల్లో ఏడుస్తూ మోసిన పెంట గడ్డకి తగిలి, అందులో మూతి పెట్టి పడింది.

ఛీ అన్నాను. నోరు జారింది, అంతే.

తల్లి కాలితో ఆ గడ్డని చెదరగొట్టింది. లోపల తెల్లటి పురుగు కదిలింది. దాన్ని ముక్కు చివర పట్టుకొని, వంగి, పిల్ల నోటి ముందు పెట్టింది. పిల్ల ఒకసారి జారవిడిచింది. తల్లి మళ్ళీ పట్టుకుంది. రెండోసారి మింగింది.

కోటిలింగం గారు మెల్లగా చేతులు జోడించి, "అన్నప్రాసన అయిపోయిందండీ" అన్నారు. అని, అక్కడే నేల మీద కూర్చొని కండువాలో ముఖం దాచుకున్నారు. సువర్చల గారు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన చేసిన పాయసాలు ఎన్ని వేల మంది తిన్నారో కానీ, ఈ ముద్ద మాత్రం మా అందరిదీ. మేం తొమ్మిదిమంది తిన్న ఉలవల్లోంచే అది వచ్చింది.

తల్లి కంచె సందులోంచి బయటికి నడిచింది. పిల్ల వెనకాలే. ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. బీడు మీద ఎండుగడ్డి మొదలయ్యే చోట పిల్ల ఆగింది. మెడ చాపింది. పిట్టలశాలలో గొట్టం ముందు అవి చాపినట్టే. చాపి ముందుకు నడిచింది. గడ్డి దాని ముఖానికి తగిలింది. నిజం గడ్డి. అందులోకి దూరి కనిపించకుండా పోయింది.

కళ్ళు మండాయి. కంపు వల్ల అని రాద్దామనుకున్నాను. కాదు.

ఓబులక్క తాళం తీసి డబ్బాలు తిరిగి ఇచ్చింది. నాది తీసుకొని జేబులో పెట్టుకున్నాను. నొక్కలేదు. ఎల్లుండి బండి వస్తుందట, రేపు కుప్ప ఎత్తాలి. మొదటి పార నాది. ముక్కు గుడ్డ ఇప్పుడే ఉతికి ఆరేశాను.

ఆకాశం: ఇవాళ చూడలేదు. పొద్దుట్నుంచీ కిందికే చూస్తున్నాను. ఈ రోజు సెలవులో చేరదని తెలుసు, గడువు దాటిన రోజులకీ అదే లెక్కట. బండి మిగతావాళ్ళని తీసుకెళ్తుంది, నేను ఇంకో రోజు ఉంటాను.